పది మంది వాడే పాత కంప్యూటర్‌లో లాగిన్ కాకపోతే: ఏది ముందు, ఏది చివర

ఊరి గ్రంథాలయంలోనో, బడి ల్యాబ్‌లోనో, ట్యూషన్ సెంటర్‌లోనో ఒకటే కంప్యూటర్ ఉంటుంది. దాన్ని పది మంది వాడతారు. కొని పదేళ్లయినా అయి ఉంటుంది, లోపల విండోస్ 7 గానీ విండోస్ 10 గానీ ఉంటుంది. "పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నా సార్, తీసుకోవట్లేదు" అనే మాట ఇలాంటి చోట్ల తరచూ వినిపిస్తుంది. వెంటనే పక్కనున్నవాళ్లు "పాస్‌వర్డ్ మార్చేద్దాం" అంటారు, ఇంకొకరు "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటారు. అసలు నష్టం అక్కడే మొదలవుతుంది.

సొంత కంప్యూటర్‌లో తొందరపడితే పోయేది మన ఫైళ్లే. పది మంది కంప్యూటర్‌లో తొందరపడితే ఎవరి ప్రాజెక్టో, ఎవరి స్కాన్ చేసిన సర్టిఫికెట్లో పోతాయి. అందుకే ఇక్కడ వరుస ముఖ్యం. ఎవరికీ నష్టం లేని పనులు ముందు చేయాలి, వెనక్కి తీసుకోలేని పనులు చివరికి ఉంచాలి. కింది అంకెల వరుసలోనే వెళ్లండి, 2వ భాగం వేరే భాగానికి పంపితే తప్ప మధ్యలో ఏదీ దాటేయకండి.

1. మొదలుపెట్టే ముందు

ఇవి దగ్గర పెట్టుకుంటే మధ్యలో లేచి వెతుక్కునే పని ఉండదు:

- కెమెరా ఉన్న ఫోను. తెరమీద వచ్చే మెసేజ్‌ను ఉన్నదున్నట్టు ఫోటో తీయాలి. "ఏదో ఎర్రర్ వచ్చింది" అని గుర్తుపెట్టుకుంటే పనికిరాదు.
- పనిచేస్తుందని తెలిసిన ఇంకో యూఎస్‌బీ కీబోర్డ్.
- సీఆర్2032 అనే బటన్ బ్యాటరీ ఒకటి. వాచ్ షాపుల్లోనూ దొరుకుతుంది.
- అడ్మిన్ అకౌంట్ (కంప్యూటర్‌లో అన్ని మార్పులూ చేసే హక్కున్న అకౌంట్) పాస్‌వర్డ్ తెలిసిన మనిషి, లేదా ఆ మనిషి ఫోన్ నంబరు.
- ఒక ఖాళీ పెన్‌డ్రైవ్.
- ఎవరి అకౌంట్ తెరుచుకోవట్లేదో ఆ వ్యక్తి పక్కనే ఉండాలి. వాళ్లు లేకుండా వాళ్ల అకౌంట్ మీద చేయి వేయకండి.

ఇంకొక ప్రశ్న కూడా ముందే అడగండి: "చివరిసారి ఎప్పుడు లాగిన్ అయ్యారు? ఆ తర్వాత ఏం మారింది?" కరెంటు పోయిందా, కీబోర్డ్ మార్చారా, ఫోన్‌లో మెయిల్ పాస్‌వర్డ్ మార్చారా? సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

2. ఎక్కడ ఆగిందో తేల్చుకోండి

"లాగిన్ కావట్లేదు" అన్న ఒక్క మాట వెనక నాలుగు వేరు వేరు సమస్యలు ఉండవచ్చు.

- విండోస్ గుర్తు కూడా రాకముందే, నల్లటి తెరమీద పాస్‌వర్డ్ అడుగుతోంది. అది బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే, మదర్‌బోర్డులోని చిన్న ప్రోగ్రాము) పాస్‌వర్డ్. దానికి విండోస్ పాస్‌వర్డ్‌తో సంబంధం లేదు. ఎవరు పెట్టారో కనుక్కోవాలి, లేదంటే నేరుగా 9వ భాగానికి వెళ్లండి.
- విండోస్ తెర వచ్చింది, పాస్‌వర్డ్ తప్పు అంటోంది. 3, 4, 5 భాగాలు చూడండి.
- పాస్‌వర్డ్ తీసుకుంది, కానీ లోపలికి పోవట్లేదు, లేదా ఖాళీ డెస్క్‌టాప్ వచ్చింది. 6వ భాగం.
- విండోస్ బాగానే తెరుచుకుంది, మెయిల్ గానీ ఏదైనా వెబ్‌సైట్ గానీ లోపలికి రానివ్వట్లేదు. 4వ భాగం చూసి, 7వ భాగానికి వెళ్లండి.

3. మొదటి అనుమానం కీబోర్డ్ మీదే

పాత షేర్డ్ కంప్యూటర్లలో "పాస్‌వర్డ్ తప్పు" అని వచ్చినప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువసేపు ఉండేది ఇక్కడే. పాస్‌వర్డ్ పెట్టెలో చుక్కలు తప్ప ఏమీ కనపడవు కాబట్టి, కీబోర్డ్ ఏం పంపుతోందో మనకు తెలియదు.

ముందు లైట్లు చూడండి. క్యాప్స్ లాక్ వెలిగి ఉంటే ఆపండి. తర్వాత నమ్ లాక్. డెస్క్‌టాప్‌లో నమ్ లాక్ ఆగి ఉంటే, కుడిపక్కనున్న అంకెల మీటలు అంకెలు వేయవు, కర్సర్‌ను అటూ ఇటూ కదుపుతాయి. పాస్‌వర్డ్ చివర అంకెలున్నవాళ్లు వాటిని కొట్టామనే అనుకుంటారు. పెట్టెలో ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెడితే దొరికిపోతుంది.

పాత చిన్న ల్యాప్‌టాప్‌లలో దీనికి సరిగ్గా ఎదురు జరుగుతుంది. నమ్ లాక్ వెలిగి ఉంటే అక్షరాల మీటలే అంకెలవుతాయి. జె కొడితే 1, కె కొడితే 2, ఎల్ కొడితే 3, యు కొడితే 4, ఐ కొడితే 5, ఓ కొడితే 6, ఎమ్ కొడితే 0 పడుతుంది. చుక్కల లెక్క సరిపోతుంది, పాస్‌వర్డ్ మాత్రం తప్పు. ఆ మీటల మూలల్లో చిన్న రంగు అంకెలు ముద్రించి ఉంటే మీ ల్యాప్‌టాప్ ఈ రకమే. ఎఫ్ఎన్ మీట పట్టుకుని నమ్ లాక్ నొక్కితే ఆగిపోతుంది.

తర్వాత భాష. ఎవరో తెలుగులో టైప్ చేసుకుని వెళ్లి ఉంటారు, లాగిన్ తెరమీద కూడా తెలుగు కీబోర్డే నిలిచి ఉండవచ్చు. విండోస్ 7లో పైన ఎడమ మూల, విండోస్ 10లో కింద కుడి మూల భాష గుర్తు ఉంటుంది. విండోస్ 7లో ఎడమవైపు ఆల్ట్‌తో షిఫ్ట్, విండోస్ 10లో విండోస్ మీటతో స్పేస్ నొక్కితే మారుతుంది.

భాష ఇంగ్లీషే ఉన్నా, మీటల అమరిక (లేఅవుట్) అమెరికాదా బ్రిటన్‌దా అన్నది చూడాలి. బ్రిటన్ లేఅవుట్ ఎంచుకుని ఉంటే షిఫ్ట్‌తో 2 నొక్కినప్పుడు 'ఎట్' గుర్తుకు బదులు కొటేషన్ గుర్తు పడుతుంది. మన దగ్గర చాలామంది పాస్‌వర్డ్‌లో ఆ గుర్తు ఉంటుంది కాబట్టి, ఈ ఒక్క తేడాతో లాగిన్ ఆగిపోయే సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇక మీటలు నొక్కినా ఏమీ పడకపోతే రెండు కారణాలు వెతకండి. కుడివైపు షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు అలాగే పట్టుకుంటే ఫిల్టర్ కీస్ అనే ఏర్పాటు మొదలవుతుంది, అప్పుడు మీటను మామూలుగా తాకితే పట్టించుకోదు. కీబోర్డ్ మీద పుస్తకం పెట్టినా, చేయి ఆనించినా ఇది జరగవచ్చు. మళ్లీ కుడి షిఫ్ట్‌నే ఎనిమిది సెకన్లు పట్టుకుంటే ఆగుతుంది. షిఫ్ట్‌ను వరసగా ఐదుసార్లు నొక్కితే స్టికీ కీస్ (షిఫ్ట్ లాంటి మీటను నొక్కి వదిలినా నొక్కినట్టే లెక్కించే ఏర్పాటు) మొదలవుతుంది, అలాగే ఐదుసార్లు నొక్కితే ఆగుతుంది.

రెండో కారణం తీగ. ఊదారంగు గుండ్రటి ప్లగ్ ఉన్న పాత కీబోర్డ్ ఊడి ఉంటే, కంప్యూటర్ నడుస్తుండగా మళ్లీ గుచ్చినా సాధారణంగా పనిచేయదు. ఆపి, గుచ్చి, మళ్లీ ఆన్ చేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా అనుమానం తీరకపోతే తెరమీది కీబోర్డ్ తెరవండి. లాగిన్ తెరలో విండోస్ 7కు కింద ఎడమ మూల, విండోస్ 10కు కింద కుడి మూల ఈజ్ ఆఫ్ యాక్సెస్ గుర్తు ఉంటుంది, అందులో ఆన్ స్క్రీన్ కీబోర్డ్ ఎంచుకోవాలి. మౌస్‌తో ఒక్కో అక్షరం నొక్కి చూడండి. దీంతో లోపలికి వెళ్లగలిగితే మీ పాస్‌వర్డ్ బాగానే ఉంది, కీబోర్డ్‌లో ఏదో మీట అరిగిపోయింది.

విండోస్ 10లో పాస్‌వర్డ్ పెట్టె చివర కన్ను గుర్తు కూడా ఉంటుంది, నొక్కి పట్టుకుంటే కొట్టింది కనపడుతుంది. వాడే ముందు వెనక ఎవరూ లేరని చూసుకోండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఒకటుంది. తీసుకోవట్లేదని అదే పాస్‌వర్డ్‌ను పదేపదే కొడతారు. కొన్ని ల్యాబ్‌లలో ఇన్ని తప్పులకు అకౌంట్ లాక్ అవ్వాలని పెట్టి ఉంటారు, అప్పుడు సరైన పాస్‌వర్డ్ కొట్టినా రానివ్వదు. మూడోసారి కూడా తప్పు అంటే చేతులు తీసేసి, పైన చెప్పినవి చూడండి.

4. తేదీ, గడియారం

గోడ గడియారం చూసి, కంప్యూటర్ గడియారం చూడండి. సంవత్సరం కూడా చూడండి. చాలామంది టైమ్ మాత్రమే చూసి వదిలేస్తారు.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. 3 వోల్టులది, పేరు సీఆర్2032. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ కంప్యూటర్ ఆపి ఉన్నా గడియారం నడుస్తుంది. కరెంటు పూర్తిగా తీసేస్తే గడియారం ఈ బ్యాటరీ మీదే బతకాలి. బడుల్లో, గ్రంథాలయాల్లో సాయంత్రం మెయిన్ ఆఫ్ చేసి వెళతారు కాబట్టి, బ్యాటరీ అయిపోయిన కంప్యూటర్ రోజూ పొద్దున్నే ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. నమ్ లాక్ సెట్టింగ్ కూడా దాంతోపాటే మారిపోవచ్చు.

తేదీ తప్పయితే వెబ్‌సైట్ లాగిన్‌లు ఆగిపోతాయి. ప్రతి సురక్షిత సైట్‌కూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, ముగింపు తేదీ ఉంటాయి. కంప్యూటర్ 2010లో ఉన్నాననుకుంటే ఇవాళ్టి సర్టిఫికెట్ దానికి ఇంకా పుట్టనే లేదు. అందుకే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది. ఆఫీసు సర్వర్‌కు కలిపిన కంప్యూటర్లలోనైతే గడియారం ఐదు నిమిషాలకు మించి తేడా ఉంటే విండోస్ లాగిన్ కూడా ఆగవచ్చు.

సరిచేసే వరుస:

1. తేదీ, సమయం సరిచేయండి. టైమ్ జోన్ చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ అని ఉండాలి.
2. మరుసటి రోజు మళ్లీ తప్పితే బ్యాటరీ మార్చాల్సిందే.
3. బ్యాటరీ తీసే ముందు బయోస్‌లోకి వెళ్లి ఒక్కో పేజీ ఫోటో తీసుకోండి. ముఖ్యంగా హార్డ్ డిస్క్ మోడ్ ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా చూడండి. అది మారిపోతే విండోస్ అసలు మొదలే కాకపోవచ్చు.
4. ప్లగ్ తీసేయండి. పవర్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకోండి. క్లిప్ మెల్లగా నొక్కితే బ్యాటరీ పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి.
5. ఆన్ చేశాక బయోస్‌లో తేదీ, ఫోటోలో ఉన్న సెట్టింగులు మళ్లీ పెట్టి సేవ్ చేయండి.

బ్రౌజర్ హెచ్చరిక వచ్చినప్పుడు "అయినా ముందుకు వెళ్లు" అన్నది నొక్కి పాస్‌వర్డ్ కొట్టకండి. తేదీ సరిచేయడమే దానికి మందు.

5. ఏ అకౌంట్, ఏ రకం అకౌంట్

షేర్డ్ కంప్యూటర్‌లో తెరుచుకోగానే కనపడేది చివరగా వాడిన మనిషి పేరు. ఆ పేరు కింద మన పాస్‌వర్డ్ కొడితే తీసుకోదు. స్విచ్ యూజర్ నొక్కి, లేదా కింద ఎడమపక్కనున్న జాబితాలో మన పేరు ఎంచుకోండి.

ఏదో ఆఫీసు ఇచ్చేసిన కంప్యూటరైతే ఇంకో చిక్కు. అది ఇప్పటికీ పాత ఆఫీసు డొమైన్‌లోకి, అంటే ఆ ఆఫీసు సర్వర్ నడిపే అకౌంట్లలోకి, లాగిన్ అవ్వాలనే చూస్తుంది. అప్పుడు యూజర్ పేరు పెట్టెలో ముందు ఒక చుక్క, తర్వాత బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత ఈ కంప్యూటర్‌లోని అకౌంట్ పేరు కొట్టాలి. చుక్క అంటే "ఈ కంప్యూటరే" అని అర్థం.

విండోస్ 10లో అకౌంట్ మైక్రోసాఫ్ట్‌దా, లోకలా అన్నది కూడా తెలియాలి. మైక్రోసాఫ్ట్ అకౌంటైతే మెయిల్ ఐడీ పాస్‌వర్డే దీనికీ పాస్‌వర్డ్. ఫోన్‌లో ఆ పాస్‌వర్డ్ మార్చి, ఈ కంప్యూటర్‌కు నెట్ లేకపోతే, ఇది పాతదే అడుగుతుంది. ముందు పాత పాస్‌వర్డ్ కొట్టి చూడండి. లేదా లాగిన్ తెరలోనే కింద ఉన్న నెట్‌వర్క్ గుర్తుతో వైఫైకి కలిపి, కొత్తది కొట్టండి.

పిన్ సంగతి వేరు. అది ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లుతుంది. ఇంట్లో ల్యాప్‌టాప్ పిన్ ఇక్కడ పనిచేయదు.

6. పాస్‌వర్డ్ తీసుకుంది, కానీ లోపలికి పోలేదు

ముందు ఓపిక పట్టండి. 2 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్‌లో ముందు వాడినవాళ్లు లాగ్ అవుట్ కాకుండా స్విచ్ యూజర్ చేసి వెళితే, వాళ్ల ప్రోగ్రాములన్నీ లోపల నడుస్తూనే ఉంటాయి. రీస్టార్ట్ చేయబోతే "ఇంకొకరు వాడుతున్నారు, సేవ్ చేయని పని పోవచ్చు" అని విండోస్ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక వస్తే ఆ మనిషిని పిలిచి, సేవ్ చేయించి, అప్పుడు చేయండి.

నల్లటి తెర మీద బాణం గుర్తు మాత్రమే కనపడితే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఫైల్ మెనూలో కొత్త టాస్క్ ఎంచుకుని, ఇంగ్లీషులో ఎక్స్‌ప్లోరర్ అని టైప్ చేసి ఎంటర్ కొడితే చాలాసార్లు డెస్క్‌టాప్ వచ్చేస్తుంది.

"యూజర్ ప్రొఫైల్ సర్వీస్ ఫెయిల్డ్ ద లాగాన్" అని వస్తే పాస్‌వర్డ్ బాగానే ఉందని అర్థం. ఆ వ్యక్తి సెట్టింగులున్న ఫోల్డర్‌ను విండోస్ తెరవలేకపోతోంది. లాగ్ అవుట్ అవుతుండగా కరెంటు పోతే ఇలా జరగవచ్చు. కొన్నిసార్లు ఎర్రర్ ఏమీ రాదు, ఖాళీ డెస్క్‌టాప్ వచ్చి "టెంపరరీ ప్రొఫైల్" అనే మెసేజ్ కనపడుతుంది. ఫైళ్లన్నీ పోయాయని టెన్షన్ పడకండి, అవి సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్‌లో ఉంటాయి. కానీ ఈ టెంపరరీ డెస్క్‌టాప్ మీద ఏమీ సేవ్ చేయకండి, లాగ్ అవుట్ కాగానే అది చెరిగిపోతుంది.

చేయాల్సింది ఈ వరుసలో:

1. ఒకటి రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడండి. చాలాసార్లు దీంతోనే తేలిపోతుంది.
2. అడ్మిన్ అకౌంట్‌తో వెళ్లి సి డ్రైవ్‌లో ఖాళీ ఎంతుందో చూడండి. నిండిపోయి ఉంటే డిస్క్ క్లీనప్ నడపండి. ఇతరుల డౌన్‌లోడ్లు మీరే తీసేయకండి, వాళ్లను అడగండి.
3. అప్పటికీ తెరుచుకోకపోతే ఆ వ్యక్తికి కొత్త అకౌంట్ తెరిచి, పాత ఫోల్డర్‌లోని డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ అందులోకి కాపీ చేయండి. ఎన్‌టీ యూజర్ అని మొదలయ్యే ఫైళ్లు కాపీ చేయొద్దు, పాడైన సెట్టింగులు వాటిలోనే ఉంటాయి.
4. కొత్త అకౌంట్‌లో అన్నీ తెరుచుకుంటున్నాయని ఆ వ్యక్తి చెప్పేదాకా పాత ఫోల్డర్‌ను అలాగే ఉంచండి.

రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులన్నీ దాచుకునే చోట) మార్పులతో పాత ప్రొఫైల్‌నే బాగుచేసే పద్ధతి కూడా ఉంది. పది మంది వాడే కంప్యూటర్‌లో నేను దాన్ని సలహా ఇవ్వను. అక్కడ ఒక పొరపాటు జరిగితే మిగతావాళ్ల అకౌంట్లు కూడా తెరుచుకోకుండా పోవచ్చు.

అడ్మిన్ అకౌంట్ కూడా సరిగా తెరుచుకోకపోతే సేఫ్ మోడ్ (అత్యవసరమైనవి మాత్రమే నడిపి విండోస్‌ను తెరిచే పద్ధతి) ఉంది. విండోస్ 7లో ఆన్ చేయగానే, విండోస్ గుర్తు రాకముందే ఎఫ్8 కొడుతూ ఉండాలి. విండోస్ 10లో లాగిన్ తెరమీద షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కి, ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ దాకా వెళ్లి, మళ్లీ రీస్టార్ట్ నొక్కి, 4 ఎంచుకోవాలి. పిన్ అక్కడ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.

7. వెబ్‌సైట్ లోపలికి రానివ్వకపోతే

అదే లాగిన్‌ను మీ ఫోన్‌లో చేసి చూడండి. అక్కడా కాకపోతే తప్పు కంప్యూటర్‌ది కాదు. ఫోన్‌లో అయ్యి ఇక్కడ కాకపోతే ముందుకు వెళ్లండి.

- ప్రైవేట్ విండో తెరవండి. క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, షిఫ్ట్, పి. అందులో లాగిన్ అయితే పాత కుకీలే (సైట్లు బ్రౌజర్‌లో దాచే చిన్న గుర్తులే) అడ్డం.
- యూజర్ పేరు పెట్టెలో ముందే ఏదైనా నిండి ఉందా? వేరేవాళ్ల వివరాలు సేవ్ అయి ఉంటాయి. పూర్తిగా చెరిపి మీది కొట్టండి.
- లాగిన్ పేజీ మళ్లీ మళ్లీ అదే పేజీకి వస్తుంటే, అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైట్ కుకీలు మాత్రమే తీసేయండి. అన్నీ చెరిపేస్తే మిగతావాళ్లు కూడా లాగ్ అవుట్ అయిపోతారు.
- ఓటీపీ రావడం ఆలస్యమైందని మళ్లీ మళ్లీ పంపమని నొక్కకండి. చాలా సైట్లలో చివరగా వచ్చినదే చెల్లుతుంది.
- ఆథెంటికేటర్ యాప్ (ఫోన్‌లో లాగిన్ కోడ్‌లు చూపించే యాప్) కోడ్ మామూలుగా 30 సెకన్లకోసారి మారుతుంది. అది తప్పంటుంటే మీ ఫోన్ గడియారం చూడండి.

బ్రౌజర్ పాతదైనా లాగిన్ ఆగుతుంది. విండోస్ 7కు క్రోమ్ 109వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్ఆర్ (ఎక్కువ కాలం మద్దతిచ్చే రకం వెర్షన్) ఆ పాత విండోస్‌లో నడుస్తుంది. పైగా ఫైర్‌ఫాక్స్ నమ్మదగిన సర్టిఫికెట్ల జాబితాను తనతోపాటే తెచ్చుకుంటుంది కాబట్టి, పాత విండోస్‌లో క్రోమ్ తెరవని సైట్లను తెరిచే అవకాశం ఉంది. ఒకసారి వేసి చూడండి.

కానీ విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఇలాంటి కంప్యూటర్‌లో లాగిన్ అయినా సరే, బ్యాంకు పని మాత్రం చేయకండి.

8. పాస్‌వర్డ్ రీసెట్: ఇక్కడికి వచ్చాకే

మార్చడంలో రెండు రకాలున్నాయి, తేడా పెద్దది. పాత పాస్‌వర్డ్ తెలిసి, కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి మనమే మార్చుకుంటే ఏమీ పోదు. పాతది తెలియక అడ్మిన్ బలవంతంగా మారిస్తే, ఆ అకౌంట్‌లో బ్రౌజర్ దాచుకున్న పాస్‌వర్డ్‌లు, విండోస్ ఎన్‌క్రిప్ట్ చేసిన (రహస్య సంకేతంలోకి మార్చి దాచిన) ఫైళ్లు తెరుచుకోకుండా పోతాయి. మామూలు ఫైళ్లకు ఏమీ కాదు. విండోస్ ఆ హెచ్చరిక చూపిస్తుంది, చదవకుండా ఓకే కొట్టేస్తారు.

అందుకే ఈ క్రమంలో ప్రయత్నించండి:

1. తప్పు పాస్‌వర్డ్ ఒకసారి కొట్టగానే కింద వచ్చే హింట్ చదవండి.
2. ముందే చేసి పెట్టుకున్న పాస్‌వర్డ్ రీసెట్ డిస్క్ ఉంటే, ఆ పెన్‌డ్రైవ్ పెట్టి రీసెట్ పాస్‌వర్డ్ నొక్కండి.
3. విండోస్ 10 లోకల్ అకౌంటైతే, అకౌంట్ తెరిచినప్పుడు పెట్టుకున్న మూడు సెక్యూరిటీ ప్రశ్నలు అడుగుతుంది.
4. మైక్రోసాఫ్ట్ అకౌంటైతే ఫోన్‌లోంచి ఆ అకౌంట్ పాస్‌వర్డ్ రీసెట్ చేసి, కంప్యూటర్‌ను నెట్‌కు కలిపి, కొత్తదానితో రండి.
5. ఇవేవీ కాకపోతే, ఆ వ్యక్తి ఒప్పుకున్నాక, అడ్మిన్ కంట్రోల్ ప్యానెల్‌లో యూజర్ అకౌంట్స్ ద్వారా మార్చాలి. కొత్త పాస్‌వర్డ్ ఆ వ్యక్తి చేతే కొట్టించండి.

పని అయ్యాక అడ్మిన్ కొన్ని సర్దుబాట్లు చేసి పెడితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది:

- ప్రతి మనిషికీ విడి అకౌంట్, అన్నీ స్టాండర్డ్ రకం. అడ్మిన్ ఒక్కటే, దాని పాస్‌వర్డ్ సీలు కవరులో బీరువాలో.
- అడ్మిన్ అకౌంట్‌కు రీసెట్ డిస్క్. పెన్‌డ్రైవ్ మీద ఏ కంప్యూటర్‌దో, ఏ అకౌంట్‌దో రాసి పెట్టండి.
- వాడని భాషల లేఅవుట్లు తీసేయండి. తెలుగు, ఒకే రకం ఇంగ్లీషు చాలు.
- ఒక్కసారి వచ్చి వెళ్లేవాళ్లకు క్రోమ్ గెస్ట్ విండో. మూసేయగానే వాళ్ల లాగిన్ అక్కడ మిగలదు.

9. ఎక్కడ ఆగి మెకానిక్‌ను పిలవాలి

బయోస్ పాస్‌వర్డ్ ఎవరికీ తెలియనప్పుడు, బిట్‌లాకర్ (డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఏర్పాటు) రికవరీ కీ అడుగుతున్నప్పుడు, హార్డ్ డిస్క్ నుంచి టిక్ టిక్ శబ్దం వస్తున్నప్పుడు మీరు ఇంకేమీ చేయకండి. మూడోదైతే వెంటనే ఆపేయండి, ఆన్ చేసిన ప్రతిసారీ డిస్క్ ఇంకా పాడవుతుంది.

షాపుకు ఇచ్చేటప్పుడు "ఫార్మాట్ చేయొద్దు, ముందు యూజర్స్ ఫోల్డర్ కాపీ తీయండి" అని కాగితం మీద రాసి సీపీయూకు అతికించండి. నోటి మాటగా చెబితే అక్కడ చేతులు మారేసరికి మర్చిపోతారు. కాపీ తీసిన డ్రైవ్‌ను వేరే కంప్యూటర్‌లో పెట్టి, మీ కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరి ఫోల్డరూ తెరుచుకుంటోందని చూసుకోండి. ఫార్మాట్‌కు ఆ తర్వాతే ఒప్పుకోండి.